తప్పు నాలాదా, ఆకాశానిదా?

“ఇది నాలా సమస్య సార్. దీనికీ మీరు చెప్పే వాతావరణ మార్పుకీ ఏం సంబంధం?”

కృష్ణానగర్‌లో పెద్ద వాన వెలిసిన మర్నాడు ఎవరితో మాట కలిపినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదిది. అడుగుతున్నవాళ్లు నీళ్లను కళ్లారా చూసినవాళ్లు. జూబ్లీహిల్స్ గుట్టల మీద కురిసిన వానకు ఇంకడానికి మట్టి లేదు, ఆగడానికి కుంట లేదు. సిమెంటు రోడ్ల వెంట జారుకుంటూ వెంకటగిరి మీదుగా ఈ పల్లానికి దిగుతుంది. గట్టిగా గంట వాన చాలు. గల్లీలో నిలబెట్టిన బైకులు ఒక్కొక్కటే ఒరిగి, కొట్టుకుపోయి, మలుపు దగ్గర గుట్టగా పడతాయి. అక్కణ్నుంచి ఆ నీళ్లు యూసుఫ్‌గూడ, మధురానగర్ దాటి అమీర్‌పేట మీద పడి హుస్సేన్‌సాగర్ దారి పడతాయి.

ఈ పేట గురించి సినిమావాళ్లకు చెప్పక్కర్లేదు. వేషాల కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, ప్రొడక్షన్ బాయ్‌లు అద్దె గదుల్లో కాలం వెళ్లదీసే చోటు. ‘కృష్ణానగర్ కష్టాలు’ అన్నది తెలుగులో పలుకుబడి అయిపోయింది. ట్యాంకర్లు, పైపులు పెట్టి తెర మీద వాన కురిపించే పనివాళ్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటారు. నిజం వాన వచ్చినప్పుడు మాత్రం ‘కట్’ చెప్పేవాళ్లు ఉండరు.

వాళ్లడిగే ప్రశ్నను కాస్త తిప్పి శాస్త్రవేత్తలు కూడా దాదాపు ఇరవై ఏళ్లుగా అడుగుతున్నారు. వరదలో మునిగిన మనిషి మిగతావాళ్లకంటే వాతావరణ మార్పును ఎక్కువగా నమ్ముతాడా? ఆ భయం అతని అభిప్రాయాన్ని మారుస్తుందా? మారుస్తుందనే మనమంతా అనుకుంటాం. కాలు కాలితేగానీ నిప్పు గురించి తెలియదు కదా అంటాం. కానీ నిప్పు విషయంలో ఉన్న సూటిదనం నీటి విషయంలో లేదు.

అరికాళ్లు చల్లబడటం

ఇది రాయడానికి ముందు కృష్ణానగర్‌లో ఒక గదికి వెళ్లాను. రోడ్డు మీంచి రెండు మెట్లు కిందికి దిగితే వచ్చే గది. కట్టినప్పుడు అది రోడ్డుకు ఎత్తునే ఉండేదట. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇల్లు గోతిలో పడింది. గోడ మీద మోకాలికి కాస్త పైన ఒక గోధుమరంగు గీత ఉంది. దాని కింద సున్నం పెచ్చులూడింది. మంచం నాలుగు కోళ్ల కింద రెండేసి ఇటుకలున్నాయి.

ఆ ఇంటావిడ చాలాకాలంగా సినిమాల్లో చిన్న వేషాలు వేస్తున్న మనిషి. పెళ్లి సీన్లో ముత్తయిదువ, ఆసుపత్రి సీన్లో నర్సు, ఊరి సీన్లో బావి దగ్గర ఆడమనిషి. కంపెనీలకు చూపించుకునే ఫొటోల ఆల్బం నీళ్లలో నానిపోయింది. ఎండలో పెట్టింది గానీ పేజీలు అంటుకుపోయాయి. మెల్లగా విడదీస్తే మొహం ఒక పేజీకి, చీర మరో పేజీకి ఊడి వస్తున్నాయి.

“నీళ్లొచ్చినప్పుడు భయం వెయ్యలేదు బాబూ,” అంది. “బియ్యం పైన పెట్టాలి, గ్యాసు బండ కట్టెయ్యాలి, పిల్లను ఎత్తుకోవాలి. భయపడే తీరిక ఎక్కడిది? తర్వాతే మొదలైంది. ఇప్పుడు మబ్బు పడితే చాలు, అరికాళ్లు చల్లబడిపోతాయి.”

ఆవిడ చెప్పింది శాస్త్రం చెప్పేదానికి అతి దగ్గరగా ఉంది. ప్రాణాపాయం వచ్చినప్పుడు మెదడు ముందు పని చేయిస్తుంది, భయాన్ని దాచిపెడుతుంది. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అని ఒక భాగం ఉంది. ప్రమాదం వాసన, చప్పుడు, చలి, అన్నిటినీ ఒకే మూటగా కట్టి దాచేది అదే. తర్వాత ఆ మూటలోంచి ఏ ఒక్క పోగు కదిలినా మూటంతా విప్పుకుంటుంది. అందుకే రేకుల మీద చినుకు చప్పుడుకు గుండె దడ, డ్రైనేజీ వాసనకు వాంతి, అర్ధరాత్రి లేచి గడప తడిమి చూసుకోవడం.

ఇది ఎంతకాలం ఉంటుంది? 2013-14 చలికాలంలో ఇంగ్లండ్‌లో వచ్చిన వరదల తర్వాత అక్కడి ప్రజారోగ్య శాఖ ఏడాది ఆగి బాధితులను పరిశీలించింది. ఇల్లు మునిగినవాళ్లలో మూడోవంతుకు పైగా మందిలో విపత్తు వెంటాడే జబ్బు లక్షణాలు కనిపించాయి. పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్ అని డాక్టర్లు అనేది దీన్నే. బీమా, పునరావాసం, చలికి హీటర్లు ఉన్న దేశంలోనే అలా ఉంటే, నెల అద్దె బాకీతో తడి గదిలో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి. మన దగ్గర నష్టపరిహారం జాబితాలో టీవీకి, ఫ్రిజ్‌కు చోటుంటుంది. పోయిన నిద్రకు ఉండదు.

క్లోజప్పు, లాంగ్ షాటు

మరి ఈ భయం వాతావరణ మార్పు మీద ఆలోచనగా మారుతుందా?

1973లో అమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సంగతి చెప్పారు. ఒక ప్రమాదం ఎంత తరచుగా వస్తుందో అంచనా వేయాల్సి వస్తే మనిషి లెక్కలు వేయడు. అలాంటిది ఎంత సులువుగా గుర్తుకొస్తే అంత తరచుగా జరుగుతుందని అనుకుంటాడు. ఇంగ్లిష్‌లో దీన్ని అవైలబిలిటీ హ్యూరిస్టిక్ అంటారు. మనం ‘చప్పున తట్టే గుర్తు’ అందాం. బస్సు ప్రమాదం చూసిన వారం రోజులు బస్సెక్కాలంటే జంకుతాం. రోడ్లు వారంలో మారిపోలేదు, మారింది మన గుర్తు.

ఈ లెక్కన వరద చూసినవాళ్లకు వాతావరణ మార్పు దగ్గరి సంగతి కావాలి. కొన్ని పరిశీలనల్లో అలాగే తేలింది కూడా. బ్రిటన్‌లో 2010లో 1,822 మందిని ప్రశ్నించిన అలెక్సా స్పెన్స్ బృందం, వరద అనుభవం ఉన్నవాళ్లు వాతావరణ మార్పు గురించి ఎక్కువ కలత చెందుతున్నారనీ, కరెంటు పొదుపు చేయడానికి ఎక్కువ సిద్ధంగా ఉన్నారనీ చూసింది. ‘నేను చేస్తే ఫలితం ఉంటుంది’ అన్న నమ్మకం కూడా వాళ్లలో ఎక్కువే.

అంతకు రెండేళ్ల ముందే, 2008లో, లోరెయిన్ విట్‌మార్ష్ అనే పరిశోధకురాలు దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితం ప్రచురించారు. దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ ప్రాంతంలో వరద బాధితులకూ మిగతావాళ్లకూ వాతావరణ మార్పు మీద అభిప్రాయాల్లో పెద్ద తేడా ఆమెకు కనిపించలేదు. బాధితుల దృష్టిలో వరద వేరే సమస్య, వాతావరణ మార్పు వేరే సమస్య. పూడిక తీయని కాలవలు, పల్లంలో కట్టిన ఇళ్లు... వాళ్లు చెప్పిన కారణాలు ఇలాంటివి. హాంప్‌షైర్ ఎక్కడ, కృష్ణానగర్ ఎక్కడ! మాట మాత్రం ఒకటే.

నాకు ఇందులో సినిమా మనుషులకు వెంటనే తెలిసే విషయం కనిపిస్తుంది. వరద అనుభవం టైట్ క్లోజప్. అందులో కనిపించేది గడప, నీళ్లు, పిల్ల చెయ్యి. వాతావరణ మార్పు లాంగ్ షాట్, అదీ ముప్పై నలభై ఏళ్లు నడిచే షాట్. ఎన్ని క్లోజప్పులు చూపించినా, మధ్యలో ఎడిటర్ కలిపితే తప్ప ప్రేక్షకుడికి లాంగ్ షాట్ అర్థం కాదు. ఒక్క రోజు వాన ఒక్క షాట్. వాతావరణం మొత్తం సినిమా. ఆ రెంటికీ మధ్య జరగాల్సిన ఎడిటింగ్ ఎవరూ చేయకపోతే మనిషి దగ్గర భయం ఒక్కటే మిగులుతుంది.

భయం ఎక్కువకాలం నిలవదు కూడా. అమెరికాలో వరద బీమా తీసుకున్నవాళ్లు సగటున రెండు నుంచి నాలుగేళ్లకే దాన్ని వదిలేస్తున్నారని పరిశోధకులు లెక్క తేల్చారు. రెండు వానాకాలాలు పొడిగా గడిస్తే చాలు, గోడకు కొత్త రంగు పడుతుంది, గీత కనపడదు.

ముఖం లేని విలన్

వరద అనుభవానికీ అభిప్రాయానికీ మధ్య అసలు ముడి ఎక్కడుందో పరిశోధకుడు చార్లెస్ ఒగున్‌బోడె, అతని సహచరులు 2019లో పట్టుకున్నారు. వరదను చూడటం ఒక్కటే సరిపోదు, ఆ వరదకు కారణం ఏమిటని మనిషి అనుకున్నాడన్నదే కీలకం. బ్రిటన్ వరదల్లో వాతావరణ మార్పు చెయ్యి ఉందని నమ్మినవాళ్లలోనే అనుభవం అభిప్రాయాన్ని కదిలించింది. మిగతావాళ్లలో కదిలించలేదు. 68 దేశాల్లో 70 వేల మందికి పైగా జనంతో జరిగి, 2025లో వెలువడిన పెద్ద పరిశీలన కూడా ఇదే చెప్పింది. విపత్తుకు దగ్గరగా ఉండటం కంటే విపత్తుకు కట్టిన కారణమే వాతావరణ విధానాలకు మద్దతును ఎక్కువగా నిర్ణయిస్తోంది. దీన్ని ‘కారణం ముడి’ అనుకుందాం.

ఆ ముడి ఎటు పడుతుంది? కోపం ఎటు తిరిగితే అటు. కోపానికి ముఖం కావాలి. నాలా మీద ఇల్లు కట్టినవాడికి ముఖం ఉంది. పూడిక తీయని కాంట్రాక్టరుకు ముఖం ఉంది. ఓట్లప్పుడు వచ్చి తర్వాత కనపడని నాయకుడికి ముఖం ఉంది. భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువుకు ముఖం లేదు, రంగు లేదు, వాసన లేదు. సినిమాలో విలన్ కనిపించకపోతే ప్రేక్షకుడు పక్కనున్నవాణ్నే అనుమానిస్తాడు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్ జనం రోజుల తరబడి మేడల మీద గడిపారు. మాటంతా బుడమేరు గండ్లు, వెలగలేరు గేట్ల చుట్టూనే తిరిగింది. ఆ వాన ఎందుకు అంత కుండపోతగా కురిసిందన్న ప్రశ్న మరుగున పడిపోయింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఆ కుండపోత వానల (క్లౌడ్‌బరస్టుల) వెనుక విదేశీ కుట్ర ఉందేమోనన్న అనుమానాన్ని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రే బయటపెట్టారు. దాన్ని రాజకీయంగా కాకుండా మనసు కోణంలో చూడమంటాను. అంత నీరు చూసిన ఎవరి మనసైనా ముందు వెతికేది ‘ఎలా’ అని కాదు, ‘ఎవరు’ అని.

మూసీకి రెండు కథలు

కారణం ముడి ఎంత బలమైనదో తెలుసుకోవడానికి పరదేశం పోనక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను తుడిచిపెట్టింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. వెళ్లి దాని మొదలు మీద చెయ్యి వేసి చూడండి. నూరేళ్లు దాటిన వరద మన అరచేతికి తగులుతుంది.

ఆ వరదకు జనం కట్టిన మొదటి కారణం నది ఆగ్రహం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ స్వయంగా మూసీకి చీర, పసుపుకుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని నగరం ఈనాటికీ చెప్పుకుంటుంది. ఆ కథలో నాకు ఎగతాళి చేయదగ్గది ఏదీ కనిపించదు. దుఃఖంలో ఉన్న జనానికి పాలకుడు తోడు నిలబడ్డ కథ అది. రెండో కారణాన్ని ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టారు. వాన లెక్క, పరీవాహకం లెక్క, చెరువుల లెక్క వేసి, నీటిని ఎగువనే ఆపాలన్నారు. ఆ లెక్క నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఒక్కటే. మొదటి కారణం నుంచి ఓదార్పు వచ్చింది, రెండో కారణం నుంచి రెండు జలాశయాలు వచ్చాయి.

1908 ఇంకో మాట కూడా చెబుతుంది, దాన్ని దాచకూడదు. భూమి చెప్పుకోదగ్గంత వేడెక్కకముందు కూడా మహా వరదలు వచ్చాయి. కాబట్టి నీళ్లొచ్చిన ప్రతిసారీ ‘ఇది వాతావరణ మార్పే’ అనడం శాస్త్రం కాదు. హైదరాబాద్‌లోని బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో పడింది అంతకంటే తక్కువ, 19.2 సెంటీమీటర్లు. అయితే అది పడిన నెల చూడాలి. అక్టోబరులో అంతకుముందున్న రికార్డు 1903 నాటిది, 11.7 సెంటీమీటర్లు. నూట పదిహేడేళ్ల రికార్డు అంగుళం అటూఇటూగా కాదు, ఏకంగా ఏడున్నర సెంటీమీటర్ల తేడాతో చెరిగిపోయింది.

ట్యాంకర్ లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నాలా కబ్జా కావడంతో నీళ్లొచ్చాయి, నిజమే. ఆకాశం చేసిందేమిటి?

షూటింగ్‌లో వాన కురిపించడానికి ట్యాంకర్ తెస్తారు. పదివేల లీటర్ల ట్యాంకర్ అనుకుందాం. గాలి కూడా అలాంటి ట్యాంకరే, కాకపోతే వేడికి సాగే ట్యాంకర్. ఒక డిగ్రీ వేడి పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. పదివేల లీటర్లది పదివేల ఏడు వందలవుతుంది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 2024లో భూమి సగటు వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నమోదైంది. ట్యాంకర్ పెద్దదైతే నింపడానికి ఎక్కువ కాలం పడుతుంది, అందుకే వానకూ వానకూ మధ్య ఎండ కాలుస్తుంది. ఒంపేటప్పుడు మాత్రం ఒక్కసారే ఒంపుతుంది.

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన దీన్నే మన నేల మీద చూపించింది. 1950 నుంచి 2015 మధ్య, తెలంగాణతో సహా మధ్య భారతం అంతటా, విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడు రెట్లయ్యాయి. అదే కాలంలో మొత్తం రుతుపవన వాన పెరగలేదు, తగ్గుముఖం పట్టింది. ‘మా చిన్నప్పుడు ముసురు పట్టేది, ఇప్పుడు ముసురే లేదు, కొడితే కుండపోతే’ అని పెద్దవాళ్లు అనే మాటకు ఇది లెక్కల రూపం.

ఏ ఒక్క వాననూ చూపించి ‘ఇది వేడెక్కడం వల్లే’ అని చెప్పలేకపోవడం ఎందుకో గవ్వలాట ఆడినవాళ్లకు తెలుస్తుంది. అష్టాచెమ్మా గవ్వలో ఎవరో కాస్త మైనం నింపారనుకోండి. అష్ట పడినప్పుడల్లా అది మైనం వల్లనా, అదృష్టం వల్లనా అని చెప్పలేం. మామూలు గవ్వలకూ అష్ట పడుతుంది. కానీ రోజంతా ఆడితే, అష్టలు ఎన్నిసార్లు పడ్డాయో రాసుకుంటే, మైనం సంగతి బయటపడుతుంది.

కాబట్టి నాలాకూ ఆకాశానికీ పోటీ పెట్టడమే పొరపాటు. నాలా ఇరుకైంది, ట్యాంకర్ పెద్దదైంది. రెండూ కలిసినప్పుడు ఆవిడ గోడ మీది గీత లాంటివి ఇంకా పైకి జరుగుతాయి. ఇందులో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. ‘అంతా వాతావరణ మార్పే, మేమేం చేస్తాం’ అని అధికారంలో ఉన్నవాళ్లు చేతులు దులుపుకోవడం. చెరువు పూడ్చి కట్టడానికి అనుమతిచ్చిన సంతకానికి భూమి వేడెక్కడంతో సంబంధం లేదు. కృష్ణానగర్ మనిషి నాలా వైపు వేలు చూపించడం అమాయకత్వం కాదు, సగం నిజం. మిగతా సగం అతనికి ఎవరూ చెప్పలేదు.

నిజంగానే చెప్పలేదు. 2007-08లో గాలప్ సంస్థ 119 దేశాల్లో జరిపిన సర్వేను విశ్లేషిస్తే, వాతావరణ మార్పు అన్న మాటే వినని పెద్దలు భారతదేశంలో 65 శాతానికి పైగా ఉన్నారని తేలింది. పదిహేనేళ్ల తర్వాత, 2022లో, యేల్ విశ్వవిద్యాలయం సీ-ఓటర్‌తో కలిసి ప్రచురించిన సర్వేలో సగం మందికి పైగా తమకు దాని గురించి కొంచెమే తెలుసనో, అసలు వినలేదనో చెప్పారు. అదేమిటో రెండు ముక్కల్లో వివరించాక ‘అవును, జరుగుతోంది’ అన్నవారు 84 శాతం. వాళ్లందరి దగ్గరా క్లోజప్పులు ఉన్నాయి, రెండు వాక్యాల ఎడిటింగ్ చాలింది.

అయితే మాట తెలిసినంత మాత్రాన పని జరగదు. ‘ఇలాంటివెన్ని చూశాం, తట్టుకోగలం’ అన్న ధైర్యం ముప్పును చిన్నదిగా కనిపించేలా చేస్తుందని ఒగున్‌బోడె బృందమే మరో పరిశీలనలో చూసింది. కృష్ణానగర్‌కు ఇది బాగా వర్తిస్తుంది. ఇక్కడ బతకడమంటేనే తట్టుకోవడం. వేషం దొరకని నెలను తట్టుకున్నవాళ్లు వరదను కూడా అదే లెక్కలో వేస్తారు. రెండోవైపు, చేయగలిగింది ఏదీ లేదనిపిస్తే భయం నిస్సహాయతగా గడ్డకడుతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి దారి ఒకటుంది. చేతికందే చిన్న పని ఏదైనా దొరికితే భయానికి కాళ్లొస్తాయి.

ఆవిడకు నేనొక పని చెప్పి వచ్చాను, అదే మీకూ చెబుతున్నాను. మీ ఇంటికి నీళ్లొస్తే, రంగు వేయించే ముందు ఆ గీత పక్కన తేదీ రాయండి. నేల నుంచి ఎన్ని అంగుళాలో కొలిచి రాయండి. ఆ రోజు మీ ప్రాంతంలో ఎంత వాన పడిందో తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కల్లో చూసి అదీ రాయండి. అదే వాన పాతికేళ్ల కిందట పడితే మీ గల్లీలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో పెద్దవాళ్లనడిగి కనుక్కోండి. వాన పెరగకుండా నీళ్లు పెరిగితే నాలా గురించి వార్డు ఆఫీసులో అడగడానికి మీ చేతిలో రుజువు ఉంటుంది. వాన కూడా పెరిగిందని తేలితే, ఆకాశం గురించి అడగడానికీ ఉంటుంది.

మొన్న ఆవిడ ఫోన్ చేసింది. కొత్త ఆల్బం కొనుక్కుందట, దాన్ని అటక మీద పెట్టిందట. గోడ మీద బాల్ పెన్ను నిలవడం లేదని మేకప్ పెన్సిల్‌తో తేదీ రాసిందట.